తల నిలిచిందా?

నమోదు 1

అంతరిక్షంలో ఉన్న మా గోస్తనిలో వైద్యాధికారి తన ఒంటి సంగతులు తానే ఈ యంత్రానికి చెప్పి దాచుకోవాలని నియమం. ఇన్నేళ్ళూ "బాగున్నాను" అని ఒక్క ముక్క చెప్పి కట్టేసేదాన్ని. ఈ రోజు ఆ ముక్క నోట్లోంచి రావడం లేదు.

పొద్దున్న మెలకువ వచ్చి కుడివైపుకి ఒత్తిగిలాను. అంతే, గది గిర్రున తిరిగిపోయింది. మా గోస్తని ఒక పెద్ద చక్రం, ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడు వల్లే మా కాళ్ళు నేలకి ఆనుతున్నాయి. దాన్ని ఎవరమూ పట్టించుకోం. ఇది ఆ తిరుగుడు కాదు. గోడ, కిటికీ, మంచినీళ్ళ గ్లాసు అన్నీ ఒకే పక్కకి పరుగెత్తాయి. మంచం పట్టె పట్టుకుని "ఓలమ్మో" అని అరిచాను. కాసేపటికి దానంతట అదే ఆగింది. హమ్మయ్య అని లేచి కూర్చుంటే మళ్ళీ మొదలు, ఈసారి ఎదురు దిక్కుకి. రాత్రి తిన్న పప్పన్నం కాస్తా బయటికొచ్చింది.

నోరు కడుక్కుని, చీర మార్చుకుని, గోడ పట్టుకుని బయటికి నడిచాను. ఎదురుగా నీళ్ళ విభాగం వాళ్ళు వస్తున్నారు. "తల నిలిచిందా డాక్టరమ్మా?" అన్నారు.

మా దగ్గర బాగున్నారా అని ఎవరూ అడగరు. చక్రం కట్టిన కొత్తలో సగంమంది తల తిరిగి పడిపోయేవాళ్ళట. అప్పటి నుంచి పలకరింపు ఇదే. నిలిస్తే నిలిచిందనాలి, లేకపోతే లేదనాలి. లేదన్నవాడిని అక్కడికక్కడే నలుగురూ పట్టుకుని పైకి, బరువు లేని చోటికి తీసుకెళ్ళి పడుకోబెడతారు. ఈ ఒక్క మాటకి అబద్ధం చెప్పడమంటే అందరూ తాగే తొట్టిలో ఉమ్మినట్టే.

"నిలిచింది" అన్నాను.

నమోదు 2

మళ్ళీ వచ్చింది. కుడివైపు తిరిగితేనే వస్తోంది. తల పైకెత్తి చూసినా కొంచెం వస్తోంది. ఎడమవైపు పడుకుంటే ఏమీ లేదు. నిన్న మొన్నటిలో ఒంటికి కొత్తగా జరిగిందేమిటా అని ఆలోచిస్తే, లిఫ్టు తలుపు తలకి టంగున కొట్టుకున్న సంగతి గుర్తొచ్చింది.

నేను వైద్యురాలిని కదా, నాకు తోచనిదేముంది? చెవి లోపల, మెత్తని పొర మీద సున్నపు రవ్వలుంటాయి. ఉప్మా నూక కన్నా చాలా చిన్నవి. దెబ్బ తగిలినా, వయసు మీద పడినా అవి ఊడి, పక్కనే ఉన్న వంపు గొట్టాల్లోకి జారతాయి. ఆ గొట్టాల్లో నీళ్ళుంటాయి. తల వంచినప్పుడల్లా రవ్వ దొర్లుతుంది, నీళ్ళు కదులుతాయి, మెదడు మనిషే తిరుగుతున్నాడనుకుంటుంది. ప్రాణం మీదికి వచ్చేదేమీ కాదు. రోగి తలని నాలుగు పక్కలకి ఒక వరసలో తిప్పితే రవ్వ బయటికి దొర్లిపోతుంది. మందు లేదు, కత్తి లేదు.

రవ్వేనా కాదా అని తేల్చుకోవడం కూడా తేలికే. తల కుడికి తిప్పి, వెనక్కి పడుకోబెట్టి, కళ్ళు చూడాలి. రవ్వయితే కళ్ళు వాటంతటవే ఒక పక్కకి కొట్టుకుంటాయి. మధ్యాహ్నం ఆసుపత్రిలో తలుపు మూసుకుని, కెమెరా మొహం మీదికి దించుకుని, నాకు నేనే ఆ పరీక్ష చేసుకున్నాను. తల తిరగలేదు. బొమ్మ చూసుకుంటే కళ్ళు రాళ్ళలా నిలిచే ఉన్నాయి.

అయితే రవ్వ కాదు. రవ్వ కాకపోతే మిగిలింది ఒక్కటే. చక్రం నాకు పడటం మానేసింది.

చక్రం పడనివాళ్ళని భూమికి పంపేస్తారు. మామూలు మనిషికి మూడుసార్లు దాకా ఓపిక పడతారు. కత్తి పట్టే చేయి కాబట్టి వైద్యులకి ఒక్కసారే. ఓడ ఈ నెలాఖరుకి వస్తోంది. దాంతో పాటు పరీక్షాధికారి భానోజీ గారు వస్తున్నారు.

పోతే పోయాను, భూమి ఏమైనా తినేస్తుందా అనుకోవచ్చు. కానీ అప్పలసూరి రాలేడు.

నమోదు 4

అప్పలసూరి మా ఆయన. మేనమామ కొడుకు. చక్రానికి నట్టనడుమ ఉన్న భాగాన్ని మేం కుండ అంటాం, బండిచక్రానికి ఉన్నట్టే. ఇరుసు అక్కడే ఉంటుంది. ఆ ఇరుసుకి ఇరవై ఏళ్ళుగా గ్రీజు పెడుతున్నది అప్పలసూరే. అక్కడ బరువు ఉండీ లేనట్టు ఉంటుంది. అన్నేళ్ళు తేలుతూ పనిచేస్తే మనిషి ఎముకలు గుల్లబారిపోతాయి. మేమంతా ఉండే అంచు మీద భూమి మీదున్నంత బరువు. కాళ్ళకి పట్టీలు కట్టుకుంటే ఒక గంట నిలబడగలడేమో. భూమి మీద బతకడం అతని వల్ల కాదు. నన్ను ఓడ ఎక్కిస్తే మా కాపురం ఆ రోజుతో సరి.

అక్కడే కాపురముంటే నా ఎముకలూ అంతే. అందుకే నేనిక్కడ, అతనక్కడ. నా మంచానికి కుడివైపు కిటికీ ఉంది. అందులోంచి చూస్తే కుండ పక్కన అతని గది దీపం కనిపిస్తుంది. పడుకోబోయే ముందు అతను రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాడు. తల నిలిచిందా అని. నేను కుడివైపు తిరిగి, నా దీపం ఒకసారి ఆర్పి వెలిగిస్తాను. నిలిచింది అని. పెళ్ళయినప్పటి నుంచి ఇదే వరస.

ఈ వారం నుంచి కుడివైపు తిరగడం లేదు.

ఈ రోజు ఫోను చేసి నిలదీశాడు.

"ఒలే, దీపం ఎందుకెయ్యట్లేదు? నామీద కోపమేటి?"

"పనెక్కువై పడుకుండిపోతున్నా మావా."

"పనుంటే సెయ్యి సచ్చిపోద్దేటి? సిచ్చి నొక్కడానికి కూడా ఓపిక నేదా?"

ఏం చెప్పను? చెప్తే అతను కూడా నాతో కలిసి అబద్ధం మోయాలి. అప్పలసూరి కడుపులో ఆవగింజ కూడా దాగదు. కుండ అంతా చాటింపు వేసినట్టే.

నమోదు 6

వంటవాడు గౌరునాయుడు మళ్ళీ ఆసుపత్రికి వచ్చాడు. ఇది అతనికి మూడోసారి. పై అరలో ఉన్న ఆవకాయ జాడీ కోసం తలెత్తేసరికి వంటిల్లు తిరిగి, జాడీతో సహా కింద పడ్డాడు. కాలు విరిగి రెండు నెలలు మా ఆసుపత్రిలో మంచానికి అతుక్కుపోయాడే, ఆ తర్వాత మొదలైంది ఈ గోల.

అతనికి కూడా రవ్వల పరీక్ష చేశాను. ఇదే మొదటిసారి కాదు. కళ్ళు కదల్లేదు.

"ఇక్కడుంటే బాగానే ఉంటాది డాక్టరమ్మా. కిందకెల్తే సాలు, తిరుగుడే తిరుగుడు. నన్నీపాలి పంపీడమేనేటి?"

"ఓడ వచ్చేదాకా చూద్దాం."

"భూమ్మీద నాకెవులున్నారు తల్లీ? నాను పుట్టిందే ఇక్కడ."

కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆరడుగుల మనిషి. జావ తాగమని కసిరి బయటికి వచ్చేశాను. అతని కోసం ఏడవనా, నా కోసం ఏడవనా? నాకున్న జబ్బే అతనికీ ఉంది, అతను మాత్రం నిజం చెప్పాడు. ఆ మాట అనుకుంటే సిగ్గేసింది.

నమోదు 7

నిన్న అప్పలసూరి గదికి వెళ్ళాను. అలక తీర్చకపోతే లాభం లేదనిపించింది. కాసేపు మూతి ముడుచుకున్నాడు, తర్వాత మామూలే. ఎండుచేపల కూర పెట్టాడు. పడక అంటే ఒక సంచి, రెండు పట్టీలు. ఎడమవైపు తిరిగే కళ్ళు మూసుకున్నాను.

తెల్లారి చూసుకుంటే కుడివైపు తిరిగి ఉన్నాను. గది ఎక్కడిదక్కడే ఉంది. కావాలని అటూ ఇటూ పొర్లాను. చేపపిల్లలా ఉంది ఒళ్ళు.

"మావా! తిరగట్లేదు!" అనేశాను.

"ఏటి తిరగట్లేదు?"

ఇంక దాచలేకపోయాను. మొత్తం చెప్పాను. మొహం పాలిపోయింది అతనికి. నా పట్టీ ఇంకాస్త బిగించి, "అయితే నా పక్కనుంటే తిరగట్లేదన్నమాట. నాను ముందే సెప్పినాను, యేరే కాపురాలొద్దని" అన్నాడు.

"మందు నువ్వేనంటావా?"

"కాపోతే నువ్వే సెప్పు మరి."

నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. అతను టీ సంచి చేతికిచ్చాడు. సంచి పారదర్శకంగా ఉంటుంది, గొట్టానికి జాలీ ఉంటుంది. ఊరికే చూస్తున్నాను. లోపల టీపొడి నలుసులు ఎక్కడివక్కడే వేలాడుతున్నాయి. సంచి తలకిందులు చేశాను. అయినా అంతే, కిందికి దిగవు.

"పొడి అడుక్కి దిగదేం?"

"ఇక్కడెప్పుడు దిగింది? బరువుంటే గదా దిగడానికి. అందుకే జాలీ ఎట్టినారు."

నేను సంచి వదిలేశాను. అది గాల్లో అలాగే ఉండిపోయింది.

మా ఆసుపత్రి కుండ పక్కనే, ఈ గదికి రెండు తలుపుల అవతల. రోగిని ఎత్తడం తేలికని, కాలినవాళ్ళకీ గుండెజబ్బులవాళ్ళకీ హాయిగా ఉంటుందని అక్కడ కట్టారు. మంచి ఆలోచనే. కానీ టీపొడి దిగని చోట చెవిలో రవ్వ దొర్లుతుందా? దొర్లకపోతే తల ఎందుకు తిరుగుతుంది, కళ్ళు ఎందుకు కొట్టుకుంటాయి? పుస్తకాలు రాసినవాళ్ళంతా భూమి మీద కూర్చుని రాశారు. బరువు లేని మంచం ఉంటుందని వాళ్ళకేం తెలుసు? తల తిరిగినవాడినల్లా మేం జాలిపడి పైకి మోసుకుపోతున్నాం. పైన నిమ్మళిస్తుంది. కిందికి దిగితే రవ్వ మళ్ళీ దొర్లుతుంది. చక్రం పడలేదని పేరు పెట్టి ఓడ ఎక్కిస్తున్నాం.

"అందరూ బాగుచేస్తన్నామనుకున్నారు, పాపం" అన్నాడు అప్పలసూరి, అంతా విని.

నమోదు 8

కిందికి వచ్చి, నా మంచం మీద, కెమెరా బిగించుకుని పరీక్ష చేసుకున్నాను. తల కుడికి తిప్పి వెనక్కి వాలాను. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత వచ్చింది చూడండి, చక్రం ఇరుసు ఊడిపోయినట్టే. కానీ నేను గట్టిగా కళ్ళు మూసుకుని, లేచి కూర్చున్నాను. బొమ్మలో రెప్పలు తప్ప ఏమీ కనపడలేదు.

నాలుగుసార్లు చేశాను. వైద్యం కూడా నాకు నేనే చేసుకోబోయాను. ప్రతి పక్కకీ తిరిగి, తిరుగుడు ఆగేదాకా అలాగే కదలకుండా ఉండాలి. అది మొదలవగానే నా ఒళ్ళు నా మాట వినడం లేదు. ఎగిరి కూర్చుంటున్నాను. రవ్వ మళ్ళీ వెనక్కి జారిపోతోంది. "కదలకండి, కదిలితే ఎలా?" అని రోగుల మీద ఎన్నిసార్లు కేకలేశానో! కదలకుండా ఉండటం ఇంత కష్టమని ఇప్పుడు తెలిసింది.

తల పట్టుకునే మనిషి కావాలి. నర్సుని పిలిస్తే ఆమె పైవాళ్ళకి చెప్పి తీరాలి, అది ఆమె ఉద్యోగం. చెప్పనవసరం లేని మనిషి నాకు ఒక్కడే ఉన్నాడు. అతను అంచు మీద నిలబడలేడు. అతన్ని అడగను.

నమోదు 9

అడగలేదు. అతనే వచ్చాడు.

తలుపు తీస్తే, కాళ్ళకి పట్టీలు, నడుముకి దట్టీ, రెండు చేతులా కర్రలతో నిలబడి ఉన్నాడు. చెమట కారిపోతోంది.

"తల నిలిచిందా?" అన్నాడు.

"లేదు. నీకు బుద్ధుందా? ఎముక విరిగితే?"

"ఇరిగితే నువ్వున్నావు గదా డాక్టరువి. రాత్రీ నీ దీపం ఎలగనేదు, తగ్గనేదని తెలిసిపోనాది. పద, పడుకో. నాకు గంటే టైముంది."

అతను మంచానికి తలవైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏం చెయ్యాలో చెప్పాను. నా తల రెండు చేతులతో పట్టుకున్నాడు. గ్రీజు వాసన. కుడికి తిప్పి, వెనక్కి వాల్చి, తల మంచం అంచుకి కాస్త దిగువగా పెట్టాడు.

వచ్చింది. లేవబోయాను.

"లెగకు."

"వదులు మావా, పడిపోతున్నా!"

"ఎక్కడికి పడిపోతావు? నా సేతుల్లో ఉన్నావు. కళ్ళు తెరు. ఒలే, కళ్ళు తెరవమంటన్నానా!"

తెరిచాను. అతని మొహం తలకిందులుగా, గిరగిరా తిరుగుతూ ఉంది.

"ఓరి నాయనోయ్, నీ కళ్ళు ఎగిరెగిరి పడతన్నాయే! కుడి సెవి వేపుకి మెలిపడి కొట్టుకుంటన్నాయి!" అన్నాడు భయంగా.

అంత భయంలోనూ నాకు సంతోషం పొంగుకొచ్చింది. "రవ్వే! రవ్వే మావా!" అని అరిచాను. చక్రం నాకు పడకపోవడం కాదు. ఒక ముక్క సున్నం, అంతే.

తిరుగుడు ఆగేదాకా పట్టుకున్నాడు. ఎడమకి తిప్పాడు, ఆగాడు. నన్ను ఎడమ భుజం మీదికి దొర్లించి, ముక్కు నేలకేసి పెట్టించి, మళ్ళీ ఆగాడు. అక్కడ ఇంకోసారి తిరిగింది. నేను లేవబోతే ఈసారి చేతులే ఇంకాస్త బిగించాడు. మోచేతులు మంచానికి ఆనించుకున్నాడు. బరువుకి. మెల్లగా లేపి కూర్చోబెట్టాడు.

ఇంకోసారి మొదటినుంచీ చేయించాను. కుడికి తిప్పి వాల్చాడు. ఎదురుచూశాను. పైకప్పు పైకప్పులాగే ఉంది.

"ఏటైంది?" అన్నాడు.

"ఏమీ అవలేదు" అని భోరుమన్నాను.

లిఫ్టు దాకా దింపేటప్పటికి అతని పాదాలు బూరెల్లా వాచిపోయాయి. పైన వారం రోజులు కాళ్ళకి కట్లతో ఉండాలి. విసుక్కోడు, పైగా ఇరుసు దగ్గర అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు. చెప్పుకోవద్దని ఒట్టు వేయించాను.

నమోదు 11

ఓడ వచ్చింది.

ఇప్పుడు నాకు ఏ తిరుగుడూ లేదు. నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ గౌరునాయుడి మూట కట్టి ఆసుపత్రి గుమ్మం దగ్గర పెట్టారు. అతన్ని కిందికి తెచ్చి పరీక్ష చేయాలంటే, పరీక్ష ఆసుపత్రిలోనే జరగాలన్న నియమం అడ్డు. ఆ నియమం తప్పని నాకెలా తెలిసిందో చెప్పాలి.

అప్పలసూరికి ఫోను చేశాను. "చెప్తే నన్ను పంపేయొచ్చు మావా" అన్నాను.

"ఆ గౌరునాయుడు నాకు రోజూ పులుసు పంపుతాడు" అన్నాడు. "సెప్పీ."

గౌరునాయుణ్ణి కిందికి, అంచు మీదున్న వంటింటికి తెచ్చి, భానోజీ గారిని అక్కడికే రమ్మన్నాను. వచ్చారు. సన్నగా, తెల్లమీసాలతో, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. "తల నిలిచిందా డాక్టరు గారూ?" అన్నారు అలవాటుగా.

"ఇప్పుడు నిలిచింది. మొన్నటి దాకా నిలవలేదండి. నిలిచిందని అందరితో అబద్ధం చెప్పాను."

వంటింట్లో గరిటెల చప్పుడు ఆగిపోయింది. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మీరేమంటున్నారో మీకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది. నా సంగతి తర్వాత తేల్చండి. ముందు ఇతని కళ్ళు చూడండి."

గౌరునాయుణ్ణి అక్కడే, పిండి పిసికే బల్ల మీద కూర్చోబెట్టి, కుడికి తిప్పి వాల్చాను. కళ్ళు కదల్లేదు. భానోజీ గారు చేతులు కట్టుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, మనిషికి రెండు చెవులుంటాయని! ఎడమకి తిప్పి వాల్చాను. "ఒలమ్మ ఒలమ్మ" అని కేక పెట్టాడు గౌరునాయుడు. ఆయన వంగి చూశారు. ఆ కళ్ళు కొట్టుకుంటుంటే ఆయన కళ్ళు విచ్చుకున్నాయి.

అలాగే పట్టుకుని వైద్యం మొత్తం చేశాను. లేచాక గౌరునాయుడు పై అర వైపు తలెత్తి చూశాడు. మళ్ళీ చూశాడు. చెయ్యి చాచి ఆవకాయ జాడీ దించి, రెండు చేతులతో గుండెకి హత్తుకుని నిలబడ్డాడు.

భానోజీ గారు బల్ల మీద పిండి తుడిచారు. "ఇప్పుడు మీరు పడుకోండి" అన్నారు.

పడుకున్నాను. ఆయన చేతులు మర్యాదగా, చల్లగా ఉన్నాయి. కుడికి తిప్పి వాల్చారు. తిరిగితే అంతా అయిపోయినట్టే. రవ్వ మళ్ళీ ఊడొచ్చు, ఊడకూడదని రాసిపెట్టి లేదు. కళ్ళు మూసుకోలేదు. ఆయన మొహం, వెనక పొగ గొట్టం, దాని మీద మసి. ఎక్కడివక్కడే ఉన్నాయి.

నమోదు 12

తీర్పు వచ్చింది. అబద్ధం చెప్పినందుకు ఏడాది పాటు నా పని మీద ఇంకొకరి సంతకం ఉండాలి. సరే, నాకు తగిన శాస్తే. గౌరునాయుడి మూట విప్పేశారు. ఆసుపత్రి మంచం ఒకటి అంచు మీదికి దింపుతున్నారు. ఇంతకుముందు భూమికి పంపినవాళ్ళందరికీ కబురు పెడతానని భానోజీ గారు మాటిచ్చారు. నేను అడగకముందే.

ఓడ నేను లేకుండానే వెళ్ళిపోయింది.

అప్పలసూరి ఫోను చేశాడు. "అయితే ఇంక నా పక్కన పడుకోడానికి రావన్నమాట. తగ్గిపోనాది గదా."

"ఎండుచేపల కూర వండితే వస్తాను."

"వండుతాను. ఇప్పుడు పడుకో."

దుప్పటి కప్పుకుని ఎడమవైపు పడుకున్నాను, ఇన్నాళ్ళ భయం అలవాటైపోయి. తర్వాత ఊపిరి బిగబట్టి కుడివైపు తిరిగాను. కిటికీలో దీపం రెండుసార్లు ఆరి వెలిగింది. చెయ్యి చాచి నా దీపం ఒకసారి ఆర్పి వెలిగించాను.

అతనికి చాలలేదనుకుంటా. మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ చెప్పాను.